రత్నక్క గాజులు తీసిచ్చిన రోజు

పోయిన నెల మా ఊళ్లో, ఒకప్పుడు పట్టుపురుగులు మేపిన పాత పురుగులిల్లు పడగొట్టారు. మా చిన్నాయన కొడుకు ఆ జాగాలో ఆవులకు షెడ్డు వేసుకుంటానని, మాట వరసకు నన్నూ అడగాలి కాబట్టి కుప్పానికి ఫోను చేశాడు. వేసుకోరా, నన్నడిగేదేముంది అన్నాను. అన్నదాన్ని ఊరుకోకుండా మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఎందుకు ఎక్కానో నాకు తెలుసు. పడమటి గోడలో, దూలం కింద ఒక ఇటుక ఊడిపోయిన సందు ఉంది. దాని సంగతి ఈ భూమ్మీద నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను చేరేసరికే సగం గోడ నేలమీద ఉంది. పనికొచ్చిన ఆడమనిషి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "యమ్మా, గోడ సందులో గాజులుండాయి. మీ ఇంటోళ్లవే అయ్యుంటాయి, సూడు" అని అరచేయి చాచింది. ఆకుపచ్చ గాజులు, మీద బంగారు చుక్కలు. నేను పెట్టింది ఆరు, మిగిలింది నాలుగు. మట్టి పట్టి రంగు చచ్చిపోయాయి. "ఎవురివమ్మా?" అని అడిగింది. "మా అక్కవి" అన్నాను. ఇన్నేళ్లూ నోరు దాటని మాట ముక్కూమొహం తెలియని మనిషి ముందు అంత సులభంగా వచ్చేసింది.

మా ఊరు పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే దారిలో, రోడ్డుకు రెండు మైళ్లు లోపలికి ఉంటుంది. వానను నమ్ముకోలేని మెట్ట. బోరు కింద పారినంత మేర మల్బరీ పెట్టి పట్టుపురుగులు మేపేవాళ్లం. మాకొక ఇల్లు, పురుగులకొక ఇల్లు. రెండింటిలో వాటిదే బాగుండేది. మా పెంకుటింట్లో వానొస్తే గిన్నెలు పరిచేవాళ్లం, వాటి ఇంటికి సిమెంటు నేల, కిటికీలకు వల. లోపల తరిగిన ఆకు పచ్చివాసన, చల్లిన సున్నం వాసన, పురుగుల పెంట వాసన, పంటకూ పంటకూ మధ్య కొట్టే మందునీళ్ల ఘాటు అన్నీ కలిసి ఒక వాసన ఉండేది. బడికి పోయినా నా జడలో అదే వాసనని పక్క పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. ఆ ఇంటికి మా అవ్వ కలెక్టరు. ఉల్లిపాయ తిన్న నోటితో గడప తొక్కకూడదు, తిరగమోత పెడితే ఆ వైపు తలుపు మూయాలి, పరాయివాళ్లు ఆ ఛాయలకే రాకూడదు. మా చిన్నత్తను చూసుకోడానికి పలమనేరు నుంచి పెళ్లివాళ్లొస్తే, "పురుగులు పొర ఇడిసే టయమప్పా, మీరు వారం పొయినాక రాండి" అని గుమ్మంలో నుంచే పంపేసిన మనిషి. ఆ సంబంధం తప్పిపోయింది, అవ్వ ఏమీ పట్టించుకోలేదు.

అవ్వకు చదువు రాదు, పురుగుల సంగతి మాత్రం అడగండి. ఒక పురుగును మోచేతి మీద పాకించుకుని, రెండు నిమిషాలు కళ్లు చికిలించి చూసి, "దీనికి పాలు కారే రోగం తగులుకోనుండాది, ఆ తట్ట తీసి అవతల పెట్టండి" అనేది. మర్నాటికి అదే జరిగేది. నాయన కూడా ఆశ్చర్యపోయేవాడు. "నోరులేని జీవాలప్పా, వాటి ఒళ్లే వాటికి నోరు, సూసేదానికి మనకు కండ్లుండాల" అనేది. గూడు కట్టేలోపు పురుగు నాలుగుసార్లు పొర విడుస్తుంది. విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, ఒక పగలూ ఒక రాత్రీ కదలకుండా కూర్చుంటుంది. అప్పుడు ఆకు వేయకూడదు, తట్ట కదపకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. కొత్తవాళ్లు కంగారుపడి కదిలిస్తారు, పురుగు చచ్చిపోతుంది. వదిలేస్తే లేచి రెండింతలు తింటుంది. "గమ్మునుండండి. దానంతట అదే లేస్తాది." నా చిన్నతనంలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట ఇదే. మా ఇంట్లో దేనికైనా ఇదే మందు. నాయనకు కోపమొచ్చినా, ఆవు మేత మానేసినా, నేను పరీక్ష తప్పి మంచం కింద దూరినా అవ్వ ఇదే అనేది. నిజం చెప్పాలంటే చాలాసార్లు అట్లాగే జరిగేది కూడా.

రత్నక్క నాకన్నా ఆరేళ్లు పెద్దది. పేరు మునిరత్న. పుట్టినప్పుడు చాలాసేపు ఏడవలేదట. నడక ఆలస్యంగా వచ్చింది, మాటలు నాలుగే వచ్చాయి: అమ్మ, ఆకు, దా, పాప. పాప అంటే నేను. ఊళ్లో కొందరు పిచ్చిది అనేవాళ్లు. అవ్వకు వినపడితే వాళ్ల ఏడు తరాలను నిలబెట్టి కడిగేది. అక్క పిచ్చిది కాదు, నేర్చుకోవడం నిదానం, అంతే. నేర్చుకున్నది మాత్రం మర్చిపోయేది కాదు. తట్టల్లో ఆకు పరిచే పని దానిదే. దుప్పటి పరిచినట్టు ఎక్కడా గుట్ట పడకుండా, ఎక్కడా ఖాళీ లేకుండా పరిచేది. ఆ పని అవ్వ ఇంకెవరినీ చేయనిచ్చేది కాదు. పరిచాక నేలమీద చతికిలబడి, పురుగులు ఆకు కొరికే చప్పుడు వింటూ కూర్చునేది. దానికున్న ఒకే ఒక సోకు గాజులు. పుంగనూరు నుంచి గాజులామె వస్తే అందరికన్నా ముందు పోయి చేయి చాపేది. కుడిచేతికి ఆరు వేయించుకుని, చెవి పక్కన ఆడించుకుని నవ్వుకునేది. నీళ్లు పోసుకునేటప్పుడు కూడా తీయనిచ్చేది కాదు. ఒకటి పగిలిందంటే ఆ పూట అన్నం తినేది కాదు.

అట్లాంటిది రెండుసార్లు గాజులు తనంతట తానే తీసింది. మొదటిసారి మడమలో తుమ్మముల్లు విరిగి చీము పట్టినప్పుడు. ఇల్లంతా నన్ను వెతుక్కుంటూ వచ్చి, నా చేయి పట్టుకుని, అరచేతిలో గాజులు పెట్టి, నా వేళ్లు ఒక్కొక్కటే మూసింది. నాకేం అర్థం కాలేదు. సాయంత్రం అది కుంటుతుంటే అమ్మ చూసి ముల్లు తీసింది. తీయగానే అక్క వచ్చి చేయి చాచి, గాజులు అడిగి తీసుకుంది. రెండోసారి గాజులిచ్చినప్పుడు నాకు వెలిగింది. "అమా, అక్కకు యాడో నొప్పిగా ఉండాది" అని కేకలు పెట్టుకుంటూ పరిగెత్తాను. అమ్మ ఒళ్లంతా తడిమి చూస్తే చెవిలో చీము. నాయన దాన్ని పుంగనూరులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు, నేనూ పోయాను. ఆయన కుర్చీలో నుంచి లేవకుండానే "పేరేంటి?" అన్నాడు. అక్క ఫ్యాను చూస్తూ కూర్చుంది. "మాటలు రావా? మరి నొప్పని మీకెట్లా తెలుసు?" నేను నోరు తెరవబోతే నాయన చేయి నొక్కాడు. డాక్టరు దూరం నుంచే టార్చి వేశాడు, అక్క భయపడి టార్చి నెట్టేసింది. "ఇట్లాంటోళ్లను పెట్టుకొని కూర్చుంటే బయట క్యూ ఎవరు చూస్తారు? చుక్కలు రాసిస్తా, తీసుకొని పొండి" అన్నాడు. బయట బెంచీల మీద అందరూ మా వైపే చూశారు, ఎవరో నవ్వారు. ఇంటికొచ్చి నాయన కాళ్లు కడుక్కుంటూ అమ్మతో, "ఇంక దాన్ని తీసుకోని యాడికీ పొయ్యేది లేదు. నా బిడ్డను సూసి నవ్వితే నేను ఓర్సుకోలేను" అన్నాడు.

మూడోసారి నేను పదో తరగతిలో ఉన్నాను. ఆరోజు పుంగనూరులో మా బళ్లో గ్రూపు ఫోటో. వారం ముందు నుంచే నాకు అదే ధ్యాస. నా చేతికి ఉన్నది రెండు ప్లాస్టిక్ గాజులు, ముందు వరసలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. పొద్దున అద్దం ముందు రిబ్బను కట్టుకుంటుంటే అక్క వచ్చింది. నా చేయి పట్టుకుంది, గాజులు పెట్టింది, వేళ్లు మూసింది. "దా" అంది. దాని చేయి కాలుతోంది. నేను దాని మొహం చూడలేదు, గాజులు చూశాను. ఫోటో కోసం ఇస్తోందనుకున్నాను. ఇట్లా అనుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఒక్క క్షణం నాకు తెలిసింది. తెలిసి, సాయంత్రం వచ్చి అమ్మకు చెప్దాంలే అనుకున్నాను. ఇప్పుడే చెప్తే అక్కను చూస్తారు, గాజులు లాక్కుని దాని చేతికి వేస్తారు, నా ఫోటో బోడిచేతులతో పడుతుంది. పదిహేనేళ్ల పిల్లకు ఎంత పాడుబుద్ధి పుడుతుందో చూడండి. గాజులు వేసుకుని పుంగనూరు పోయాను. ఫోటో బాగా వచ్చిందన్నారు.

ఆరోజే మా పురుగులు నాలుగో పొరకు కూర్చున్నాయి. సాయంత్రం నేనొచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దం, అవ్వ వేలు మూతిమీద పెట్టుకుని తిరుగుతోంది. అక్క పురుగులింటి మూల మోకాళ్లు పొట్టకు ముడుచుకుని పడుకుంది. పొద్దున్నుంచి సంగటి ముట్టలేదట. అమ్మ లేపబోతే అవ్వ అడ్డుకుంది. "యాల లేపుతావు? రవంత మనసు బాగలేదేమో. గమ్మునుండు, దానంతట అదే లేస్తాది." అవ్వకు అక్కంటే ప్రాణం. ఆ మాట ప్రేమతోనే అంది, అనుభవంతోనే అంది. నేను ఓణీ కింద చేతులు పెట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడు చెప్పి ఉండొచ్చు. నాలుగు మాటలు. పొద్దున చెప్పలేదేమని తిడతారని, గాజులు పోతాయని ఊరుకున్నాను. మర్నాడు పురుగులన్నీ లేచాయి. లేచినవి ఆకలి మీద లేస్తాయి, అందరమూ చేలో ఆకు కోస్తూ ఇంట్లోకి మోస్తూ ఊపిరాడకుండా ఉన్నాం. ఆకు పరచడానికి కూడా అక్క లేవలేదు. చేతి గాజులు కనపడకుండా ఓణీ చుట్టుకుని తట్టల్లో ఆకు నేను పరిచాను, గుట్టలు గుట్టలుగా.

మూడోరోజు అక్క కేకలు పెట్టింది. చేయి కొరుక్కుంటూ, పిడికిలితో పొట్ట గుద్దుకుంటూ, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. నాయన యాడికీ పోననే పంతం పక్కనపెట్టి జీపు మాట్లాడుకొచ్చి మదనపల్లెలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు మంచిగానే మాట్లాడాడు, కుర్చీ వేయించాడు. "మీ పాపకు పుట్టుకతోనే ఈ లోపం ఉంది కదయ్యా. ఇలాంటివాళ్లు అప్పుడప్పుడు ఇట్లా తమను తామే కొట్టుకుంటారు, కంగారు పడొద్దు" అని నిద్రకు సూది వేయించాడు. పొట్ట మీద చేయి పెట్టలేదు. పెట్టబోతే అక్క తన్నింది, అంతటితో మానుకున్నాడు. అక్క నిద్రపోయింది. ఇంటికొచ్చాక కళ్లు తెరిచి నిమ్మళంగా పడుకుంది, కేకలు లేవు, రెండు గుక్కలు రాగిజావ కూడా తాగింది. "సూసినారా, లేసింది నా తల్లి" అని అవ్వ కణతలకు మెటికలు విరుచుకుంది. ఆ రాత్రి మేమందరం కడుపునిండా తిన్నాం. లోపల పేగు పగిలాక నొప్పి కాసేపు తగ్గుతుందని, ఆ నిమ్మళం అన్నిటికన్నా చెడ్డదని నాకు తర్వాత నర్సు చదువులో చెప్పారు. క్లాసులో ఆ పాఠం రోజు నేను లేచి బయటికి వచ్చేశాను.

తెల్లారి ఒళ్లు చల్లబడింది. మళ్లీ జీపు, మళ్లీ మదనపల్లె, ఇంకో ఆసుపత్రి. అక్కడ ఒక పెద్ద వయసు నర్సు అక్క పక్కన కూర్చుని, తల నిమురుతూ, నిదానంగా పొట్ట మీద చేయి పెట్టింది. చెక్కలా బిగిసిపోయి ఉంది. ఆమె మొహం మారిపోయింది. "నాలుగు దినాల నుంచి అయ్యుంటాదే ఇది. ముందుగాల ఏమన్నా చెప్పిందా? సైగ ఏమన్నా చేసిందా?" అంది. "దానికి మాట రాదు తల్లీ" అన్నాడు నాయన. "మాట రాకుంటే ఏమప్పా, ఏదో ఒగటి చేసే ఉంటాది" అని మా అందరి మొహాలూ వరసగా చూసింది. నా మొహం దగ్గర ఒక్క క్షణం ఆగింది. నేను ఓణీలోకి చేతులు లాక్కున్నాను. గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడుకు అక్క కళ్లు తిప్పి నా వైపు చూసింది. "పాప" అంది. ఆపరేషను గదికి తీసుకుపోయేలోపే పోయింది.

ఒంటికి నీళ్లు పోసేటప్పుడు అమ్మ అక్క చెయ్యి పైకెత్తి, "గాజులు యాడమ్మా? నా బిడ్డ గాజులు యాడ పోయినాయి?" అని ఏడ్చింది. వంటింట్లో వెతికారు, పురుగులింట్లో తట్టలన్నీ ఎత్తి చూశారు, జీపులో పడ్డాయేమో అన్నారు. పక్కింటామె తన చేతివి తీసి వేయబోతే అక్క ముంజేతికి అవి పట్టలేదు. బోడిచేతులతోనే పంపించాం. నేను మాట్లాడలేదు. అప్పటికే అవి గోడ సందులో ఉన్నాయి. ఆ తర్వాత నేను మళ్లీ గాజులు తొడుక్కోలేదు, పెళ్లిలో కూడా నా మొండితనమే నెగ్గింది. అవ్వ ఆ పంటతో పురుగులింటికి పోవడం మానేసింది. ఎవరైనా తట్ట పట్టుకొచ్చి చూడమంటే, "నాకు కండ్లు లేవురా, ఇంగెవురికన్నా సూపించుకోండి" అనేది. ఆమె కళ్లు చివరిదాకా బాగానే ఉన్నాయి.

నేను నర్సునై కుప్పంలో చేరాను. ఒకవైపు తమిళం, ఒకవైపు కన్నడం, మధ్యలో మా తెలుగు. మూడు భాషల నొప్పులు వినే ఊరు. మాట లేనివాళ్లు వస్తే మాత్రం అక్కడా ఎవరికీ వినపడేది కాదు. చేరిన కొన్నేళ్లకు, రామకుప్పం దగ్గర పల్లె నుంచి కృష్ణప్ప అని నలభై ఏళ్లాయన్ను వాళ్ల వదిన తీసుకొచ్చింది. మా అక్కలాంటివాడే. పట్టుకోబోయిన కంపౌండరు చేయి కొరికాడు. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, ఎడతెగని క్యూ, పాపం అతని తప్పూ కాదు. నిద్రసూది రాసి నా చేతికిచ్చాడు. నేను సూది పక్కన పెట్టి, "అమ్మా, నొప్పొస్తే ఈయన ఏం చేస్తాడు?" అని ఆమెను అడిగాను. ఆమె తెల్లబోయింది, ఎవరూ అడగని ప్రశ్న కదా. తర్వాత, "మా కృష్ణప్పకు రేడియో ఉండాదమ్మా, అది చెవికాడ లేకుండా నిద్ర కూడా పోడు. ఏదన్నా నొప్పొస్తే దాన్ని ఆపేసి మంచం కింద పెట్టేస్తాడు. రెండు దినాలుగా ముట్టలా" అంది. డాక్టరు దగ్గరికి పోయి, "సార్, ఈయన రేడియో ఆపేశాడంట" అన్నాను. "అయితే?" అన్నాడు. "అయితే నొప్పుంది సార్. ఈ సూది నేను వేయను. ముందు పొట్ట చూడండి." కేకలేస్తాడనుకున్నాను, వేయలేదు. బల్ల మీద కృష్ణప్ప పడుకోనంటే నేల మీద దుప్పటి పరిచాం. వదిన చేయి పట్టుకుని కూర్చుంది, డాక్టరు కూడా నేలమీదే కూర్చున్నాడు, కంగారు పెట్టకుండా కాసేపు ఆగి మెల్లగా తడిమి చూశాడు. గజ్జల్లో పేగు దిగి బిగుసుకుపోయి ఉంది. ఆరోజే ఆపరేషను చేశారు. నాలుగోరోజు వార్డంతా రేడియో మోత. తోటి రోగులు తిట్టుకున్నారు, డాక్టరు నవ్వి ఊరుకున్నాడు. నేను వెనక దుప్పట్లు ఆరేసే చోటికి పోయి వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషంతో కాదు. ఇంతేనా, ఒక ప్రశ్న, ఒక దుప్పటి, ఐదు నిమిషాలు, ఇంతేనా అని.

అప్పటి నుంచి ఇట్లాంటివాళ్లు ఎవరొచ్చినా గడులు గీసిన ఒక కాగితం నింపి కేసుషీటుకు గుచ్చేదాన్ని. దేనికి భయపడతారు, ఏం చేస్తే నెమ్మదిస్తారు, బాగున్న రోజు ఎట్లా ఉంటారు, నొప్పొస్తే ఎట్లా చెప్తారు, అది ఎవరికి తెలుస్తుంది. ఆ కుర్ర డాక్టరు తర్వాత ఆ కాగితం లేకుండా చూసేవాడు కాదు, వాళ్లను క్యూలో కూర్చోబెట్టకుండా ముందే పిలిచేవాడు. ఆయన బదిలీ అయ్యాడు. తర్వాత వచ్చినవాళ్లలో కొందరు చదివారు, కొందరు కింద పడేశారు. పడేసినప్పుడల్లా తీసి మళ్లీ గుచ్చాను, నా మొండితనానికి వార్డులో పేర్లు కూడా పెట్టారు. ఇప్పుడు మదనపల్లెలో వీధి వీధికీ స్కానింగు ఉంది, ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది, పిచ్చిది అనే మాట ఆసుపత్రిలో ఎవరూ పైకి అనరు. చాలా మారింది, లేదంటే కళ్లు పోతాయి. అయినా తలుపు తీయగానే మొదట అడిగేది ఇప్పటికీ "మాటలు వస్తాయా?" అనే. రావనగానే కలం ఎటు పోతుందో నాకు తెలుసు.

గాజులు కొంగున కట్టుకుని సాయంత్రం బస్సుకు కుప్పం వచ్చేశాను. ఇంటికొచ్చి కడిగితే పచ్చరంగు కొంచెం బయటపడింది. తొడుక్కోడానికి కాదు, ఊరికే వేళ్ల దాకా పెట్టి చూశాను, చేయి పట్టలేదు. బీరువాలో ఆ కాగితాలు ఖాళీవి ఇంకా కొన్ని ఉన్నాయి. ఒకటి తీసి బల్ల మీద పెట్టుకున్నాను. ఇన్నేళ్లలో ఎంతమందికి రాశానో, మా అక్కకు మాత్రం రాయలేదు. పేరు, మునిరత్న. వయసు, ఇరవై ఒకటి. భయం, టార్చిలైటు. నెమ్మదించేది, పురుగులు ఆకు తినే చప్పుడుకు. బాగున్న రోజు, ఆకు సమంగా పరుస్తుంది, గాజులు చెవి దగ్గర ఆడించుకుంటుంది. నొప్పొస్తే ఎట్లా చెప్తుంది, గాజులు తీసి ఇస్తుంది. ఇంక చివరి గడి మిగిలింది. అది ఎవరికి తెలుస్తుంది అని ఉంది అక్కడ. చెల్లెలికి, అని రాశాను.